నీటి లోపలి దీపం

కార్తికమాసంలో అరటిదొప్పలో వత్తి వెలిగించి నీటిపై వదలడం తెలుగువారికి కొత్త కాదు. ఆ దీపం నీటి మీద తేలుతుంది. తడి తగలనంతసేపే వెలుగుతుంది. నీటికి లోపలనే ఉండి వెలిగే దీపాన్ని నేను మొదటిసారి దగ్గరగా చూచింది గోదావరి తీరాన కాదు. గుజరాతులో, సూరత్ నగరానికి దక్షిణపు కొసన ఉన్న ఉధ్నాలో. దానిని అమర్చినవాడు సిరిసిల్ల మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన మనిషి. నాకు స్వయానా బావమరిది.

వరంగల్లులో ఎక్కిన రైలు రాత్రంతా నడిచి, మరునాడు జలగాఁవ్ దాటి తపతీ లోయలోకి ప్రవేశించింది. నవాపూర్ స్టేషను వచ్చినప్పుడు తోటి ప్రయాణికులు కిటికీల వద్దకు చేరారు. ఆ స్టేషను సగం మహారాష్ట్రలోను, సగం గుజరాతులోను ఉన్నది. ప్లాట్‌ఫారం మీది ఒక బెంచీపై కూర్చున్న ఇద్దరు రెండు రాష్ట్రాలలో కూర్చున్నట్లే! అక్కడి నుండి కొండలు తగ్గి, చెరకు తోటలు వచ్చి, సాయంకాలానికి ఆ మార్గం ఉధ్నా వద్ద బొంబాయి–అహమ్మదాబాదు ప్రధాన మార్గంతో కలిసింది.

మగ్గాల ఊరు

ఉధ్నాను చూడడానికి ముందు వినాలి. సందులోకి అడుగుపెట్టగానే మరమగ్గాల చప్పుడు నేలలో నుండి పాదాలకు తెలుస్తుంది. 1613లో జహంగీరు ఫర్మానాతో ఆంగ్లేయులు గిడ్డంగి నెలకొల్పిన రేవుపట్టణంగా సూరత్ చరిత్రకెక్కింది. నేడు ఆ పేరును నిలబెడుతున్నవి వజ్రాల సానలు, కృత్రిమపు నూలు చీరలు. ఉధ్నా, పాండేసరా, లింబాయత్, సచిన్ ప్రాంతాలలో ఆ చీరలు నేయబడి, రంగులు అద్దుకొని దేశమంతటా వ్యాపిస్తాయి.

ఆ మగ్గాల వెంట మనవారు కూడా వచ్చారు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ జిల్లాల పద్మశాలీ కుటుంబాలు తరతరాలుగా షోలాపూరుకు, భివండీకి, సూరత్‌కు వలస పోయినాయి. సందు మొదట్లో కిరాణా కొట్టుపై గుజరాతీ అక్షరాల కింద తెలుగు అక్షరాలు కనిపించాయి. సూరత్ నగరపాలక సంస్థ ఇతర భాషలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడిపిందంటే ఇక్కడి తెలుగువారి సంఖ్యను పాఠకులు ఊహించుకోవచ్చు. ఆశ్వయుజంలో ఈ సందులలో బతుకమ్మలు పేర్చుతారు. తంగేడు దొరకకపోతే బంతిపూలతో సరిపెట్టుకుంటారు.

నా బావమరిది పదహారవ ఏట ఇక్కడికి వచ్చి, పగలు ఒక పాళీ, రాత్రి ఒక పాళీ మగ్గం నడిపాడు. తరువాత మగ్గాల మోటారులు బాగుచేయడం నేర్చి, క్రమంగా ఇండ్ల వైరింగు పనిలోకి దిగాడు. గత కొన్నేళ్ళుగా అతనికి ఒక వింత పని దొరుకుతున్నది. మగ్గాల మీద సంపాదించిన యజమానులు కొందరు తమ ఇండ్ల పెరట్లో చిన్న ఈతకొలనులు కట్టించుకుంటున్నారు. వాటిలో దీపాలు పెట్టడం ఇతని వంతు.

"రేపు నాతోని రా బావా. మగ్దల్లా రోడ్డు దిక్కు ఒక శేఠ్ ఇంట్ల పని ఉన్నది. నీళ్ళు నింపి చూసినం, కారుతలేవు. దీపాలు పెట్టుడే మిగిలింది" అన్నాడు.

వెలుగు ఎందుకు?

కొలను పెద్దది కాదు. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. ఒక కొసన 90 సెంటీమీటర్ల లోతు, రెండో కొసన మీటరున్నర. లోపల లేతనీలి పలకలు పరచారు. ఉదయపు ఎండలో అడుగు స్పష్టంగా కనిపిస్తున్నది.

"ఈ కొసన ఎంత లోతు ఉంటదో చెప్పు" అని బావమరిది అడిగాడు. నేను ఈత రానివాడిని. తొంగి చూచి, నా నడుము పైదాకా ఉండవచ్చునన్నాను. అతడు ఒక వెదురుకర్ర దించి, తడి అయిన మేరను నా పక్కన నిలబెట్టి చూపాడు. తడి నా రొమ్ము దాటి పైకి వచ్చింది.

నీటిలో నుండి బయటకు వచ్చే కాంతి వంగుతుంది. అందువలన పైనుండి నిలువుగా చూచేవానికి నీటి లోతు ఉన్నదానిలో ముప్పావు వంతుగానే తోస్తుంది. మీటరున్నర లోతు మీటరుకు కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. పట్టపగలే ఇంత మోసం ఉంటే, రాత్రివేళ చీకటి నీటి పైపొర అద్దం వలె ఆకాశాన్ని, ఇంటి దీపాలను చూపి, అడుగున ఉన్నదానిని పూర్తిగా దాచివేస్తుంది. అడుగున ఒక బిడ్డ పడి ఉన్నా గట్టున కూర్చున్నవారికి తెలియదు.

కనుక కొలనులో దీపం అలంకారం కొరకు కాదు. మొదటి పని అడుగును చూపడం. నేల మీద పడిన గాజు గోలీ కనిపిస్తే ఆ వెలుతురు చాలునని ఈ పని చేసేవారు చెప్పుకొనే కొలత.

శేఠ్ ఎనిమిది దీపాలు కావాలన్నాడు. ఎరుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు మారుతూ ఉండాలన్నాడు. బావమరిది రెండు చాలునన్నాడు; మెట్ల వద్ద చిన్నది మరొకటి. అతని లెక్క ఇది: దీపాలు ఇంటివైపు ఉన్న పొడుగు గోడలో ఉండాలి. అప్పుడు వాటి ముఖం ఇంటికి ఎదురుదిశకు తిరిగి ఉంటుంది. వరండాలో కూర్చున్నవారి కళ్ళలో పడదు. ఎదుటి గోడ నాలుగు మీటర్ల దూరమే గనుక వెలుగు అక్కడికి హాయిగా చేరుతుంది. ఎనిమిది మీటర్ల గోడలో ఒక్కో కొస నుండి రెండేసి మీటర్ల దూరాన ఒక్కొక్క దీపం పెడితే, ఒక్కొక్కటి తనకు అటు ఇటు రెండు మీటర్ల మేర కాస్తుంది. నీటి మట్టానికి 45 సెంటీమీటర్ల దిగువన ఉంటే చాలు. అంతకంటె పైన ఉంటే మిరుమిట్లు గొలుపుతుంది. మరీ కిందకు పోతే కాళ్ళు తగులుతాయి.

రంగుల సంగతి కూడా ఆలోచించవలసినదే. నీరు ఎరుపు కాంతిని త్వరగా మింగుతుంది. నాలుగు మీటర్లు పోయేసరికి అందులో సగానికి పైగా హరించుకుపోతుంది. నీలిమ మాత్రం దాదాపు చెక్కుచెదరక సాగిపోతుంది. లోతైన నీరు నీలంగా కనిపించడానికి కారణం ఇదే. ఎర్రని దీపం పెట్టిన కొలను రాత్రివేళ చూడడానికి బాగుండవచ్చు గాని, దాని అడుగు చీకటిగానే ఉంటుంది. పలకల రంగును బట్టి కూడా లెక్క మారుతుంది. తెల్లని, లేతనీలి పలకలు వెలుగును తిరిగి ఇస్తాయి. ముదురు రంగువి మింగివేస్తాయి, వాటికి దీపాలు పెంచాలి.

పన్నెండు వోల్టుల లెక్క

మన ఇండ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. తడిసిన ఒంటికి అది యమపాశం. పొడిచర్మం కరెంటును కొంతవరకు అడ్డుకుంటుంది. నీటిలో మునిగిన శరీరానికి ఆ రక్షణ లేదు. పది మిల్లీఆంపియర్లకు కొంచెం అటూ ఇటూగా కరెంటు ప్రవహిస్తే చాలు, కండరాలు మన మాట వినవు. గట్టున ఉన్నవాడు వైరును విడిచిపెట్టలేడు. నీటిలో ఉన్నవాడు చేయి ఆడించలేక, కేక వేయలేక మునిగిపోతాడు. చూచేవారు ఈత రాక మునిగాడనుకొంటారు.

అందుచేతనే అంతర్జాతీయ ప్రమాణాలు కొలను లోపలి దీపాలకు 12 వోల్టులకు మించిన సాధారణ కరెంటును ఒప్పుకొనవు. 230 వోల్టులను పన్నెండుకు దించడానికి ఒక ట్రాన్స్‌ఫార్మరు కావాలి. అది కూడా ఏదో ఒకటి పనికిరాదు. దానిలో రెండు తీగచుట్లు ఒకదానినొకటి తాకకుండా, నడుమ గట్టి ఆచ్ఛాదనతో ఉండాలి. నడుమ దాటిపోయేది అయస్కాంత శక్తి మాత్రమే. ఏరుకు ఇవతలి గట్టున ఉన్నవాడు అవతలివానికి మాట వినిపించగలడు గాని చేయి వేయలేడు, ఇదీ అంతే. బజారులో దొరికే చౌకరకపు పెట్టెలలో ఈ ఎడం లేనివి కూడా ఉంటాయి. పైకి రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి, వెలుగూ ఒకే తీరుగా ఇస్తాయి. తేడా తెలిసేది ప్రమాదం నాడే!

ఆ ట్రాన్స్‌ఫార్మరు కొలనుకు దూరంగా ఉండాలి. అంచు నుండి రెండు మీటర్ల వరకు ఒక హద్దు, ఆపైన మరి మీటరున్నర వరకు రెండో హద్దు అని ప్రమాణాలు విభజించాయి. ఈ మూడున్నర మీటర్లకు అవతల, గోడకు ఎత్తుగా పెట్టడం మేలు. అయితే మరీ దూరమైనా చిక్కే. 12 వోల్టులలో ఒకటి రెండు దారిలో పోయినా దీపం మసకబారుతుంది. పాతకాలపు 300 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 25 ఆంపియర్లు లాగేది. మగ్గం మోటారు తాగే కరెంటుకు అది ఎన్నో రెట్లు. నేటి 18 వాట్ల ఎల్.ఇ.డి. దీపానికి ఒకటిన్నర ఆంపియరు చాలు. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగపై ఇరవై మీటర్లు పంపినా పోయేది అర వోల్టుకు లోపే. అందుకే బావమరిది ఒక్కొక్క దీపానికి విడివిడిగా తీగ లాగాడు.

ఆ తరువాత నిచ్చెన కడ్డీలు, కాంక్రీటులోని ఇనుప ఊచలు, పంపు ఒళ్ళు మొదలైన లోహాలన్నింటినీ రాగితీగతో ఒకదానితో ఒకటి కలిపి ఎర్తింగుకు జతచేశారు. ఎక్కడైనా కరెంటు తప్పించుకున్నా, చేయి ఒకచోట, కాలు ఒకచోట పెట్టినవానికి ఆ రెంటి నడుమ తేడా ఉండకూడదు. తేడా లేకపోతే ప్రవాహం లేదు.

ఇవన్నీ చేసిన తరువాత కూడా కాపలాదారు ఒకడు కావాలి. వాడు స్విచ్‌బోర్డులో ఉండే ఆర్.సి.సి.బి. దాని పని నాకు అర్థం కాలేదంటే, బావమరిది తన ఇంటి భాషలో చెప్పాడు: "మన తాన సావుకారి నూలు తూచి ఇస్తడు గద. గుడ్డ వచ్చినంక మల్ల తూస్తడు. బరువు తక్కువుంటె పని ఆపుతడు. గిది గూడ గంతే. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు తూస్తది. 30 మిల్లీఆంపియర్లు తక్కువొస్తె బంద్ చేస్తది." తిరిగి రాని కరెంటు ఎక్కడికో జారిపోతున్నదన్నమాట, బహుశా ఒక మనిషి శరీరంలో నుండి. దానిని రెప్పపాటులో ఆపివేసేది ఈ చిన్న పెట్టె.

తడి ఎక్కే దారి

మన పాత ఇండ్ల గోడలలో దీపానికి గూడు ఉండేది. ఈ కొలను గోడలో కూడా అటువంటి గూళ్ళే రెండు, కాంక్రీటు పోసేనాడే అమర్చారు. నీటిని గూళ్ళ దిగువకు దించి, తీగలు లాగడం మొదలుపెట్టారు.

గూటిలో దీపం వెనుక రెండు మూడు మీటర్ల తీగను చుట్టగా వదిలారు. వృథా అనుకొన్నాను. కాదట. ఎప్పుడైనా దీపం చెడిపోతే కొలను ఖాళీ చేయనక్కరలేదు. మర విప్పి, ఆ చుట్ట విడదీసి, దీపాన్ని గట్టు మీదికి తెచ్చి మార్చవచ్చు. వేల లీటర్ల నీరు మిగులుతుంది.

గూటి నుండి తీగ ఒక పైపు గుండా నేలలోకి, అక్కడి నుండి గట్టు మీది కలుపుల పెట్టెకు పోతుంది. ఆ పైపులో కూడా కొలనులో ఎంత మట్టమో అంత మట్టం వరకు నీరు నిలుస్తుంది. కనుక పెట్టె నీటి మట్టం కంటె జానెడు పైన ఉండవలసిందే. ఇక్కడ బావమరిది తన తప్పు ఒకటి చెప్పుకొన్నాడు. తొలిరోజులలో ఒక ఇంట తీగ పొట్టి అయితే, దీపం వెనుకనే కొత్త ముక్క అతికి, టేపు చుట్టాడు. నాలుగు నెలలకు దూరాన, ఎత్తున ఉన్న పెట్టెలో తడి కనిపించింది. వాన నీరు కాదు, పైపు పగలలేదు. రాగిపోగుల సందులలో నుండి నీరు ప్రమిదలో వత్తికి నూనె ఎక్కినట్లు ఎక్కింది!

"రంగుల బానల నూలు కొస ముంచితె రంగు పైకెక్కుడు సిన్నప్పటి సంది చూసిన. తీగె గూడ పోగులే గద. నాకే తట్టలె" అన్నాడు. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు. తన ఖర్చుతో తీగ మొత్తం మార్చి ఇచ్చాడు. నాటి నుండి నీటిలో అతుకు వేయడు. దీపం నుండి పెట్టె వరకు తీగ ఒక్కటే. పెట్టెలోని కొసలకు జిగురుమందు పోసి మూసివేస్తాడు.

శేఠ్ అడిగిన ప్రశ్న

మధ్యాహ్నం శేఠ్ ఒక కాగితంతో వచ్చాడు. మరొక మేస్త్రీ సగం ధరకే ఎనిమిది రంగుల దీపాలు పెడతానన్నాడట. ట్రాన్స్‌ఫార్మరును గట్టు పక్కన గుంటలో దింపితే తీగ ఖర్చు కలిసివస్తుంది, ఆర్.సి.సి.బి. మాటిమాటికి పడిపోయి విసిగిస్తుంది గనుక తీసివేయవచ్చునన్నాడట.

"నా షెడ్డులో మగ్గాలు నాలుగు వందల వోల్టుల మీద నడుస్తాయి. ఇరవై ఏళ్ళుగా ఏమీ కాలేదు. ఈ చిన్న దీపాలకు ఇంత భయమెందుకు?" అని అడిగాడు.

బావమరిది వెంటనే బదులు చెప్పలేదు. పనిముట్లు ఒక్కొక్కటిగా సంచిలో సర్దసాగాడు. తరువాత, తాను మగ్గం నడిపిన మరొక షెడ్డులో ఒక వానాకాలం జరిగినది చెప్పాడు. కప్పు కారి నేల తడిసింది. పక్క మగ్గం కుర్రవాడు, తనకంటె ఏడాది చిన్నవాడు, చెప్పులు లేకుండా వచ్చి మోటారు స్టార్టరు మీద చేయి వేశాడు. చేయి తిరిగి రాలేదు. మెయిను ఎక్కడున్నదో చీకట్లో వెదకి ఆపేసరికి అంతా ముగిసింది. "అక్కడ ఈ పెట్టె ఉండి ఉంటే వాడికి ఇప్పుడు పెళ్ళీడు పిల్లలు ఉండేవారు. నూరు రూపాయలు మిగలలేదు శేఠ్ ఆ షెడ్డుకు" అని హిందీలో అన్నాడు. "రంగులు మీ ఇష్టం. తీగ నా ఇష్టం. అది కుదరకపోతే ఆయననే పిలిపించండి."

ఆ పని పోతే అతనికి నష్టమెంతో నాకు తెలుసు. కూతురి కాలేజీ రుసుము ఆ నెలలోనే కట్టవలసి ఉన్నది.

శేఠ్ కాగితాన్ని రెండు మడతలు పెట్టాడు. వరండాలో నాలుగేళ్ళ మనుమరాలు ఖాళీ తీగ చుట్టను బండిలాగా దొర్లిస్తున్నది. అతడు ఆ పిల్లవైపు చూచాడో లేదో నేను చెప్పలేను. కొంతసేపటికి, "చెట్లలోనైనా రంగుదీపాలు పెట్టగలవా?" అన్నాడు. బావమరిది సంచి విప్పాడు.

మొదటి రాత్రి

మూడవనాడు నీరు తిరిగి నింపారు. చీకటి పడ్డాక శేఠ్ తల్లి చేత స్విచ్ వేయించారు. నీరు ఒక్కసారిగా లోపలి నుండి తెల్లవారినట్లయింది. అడుగున పలకల నడుమ గీతలు సైతం లెక్కపెట్టవచ్చును. గోడలో ఉన్న దీపాలు వరండాలోని మాకు కనబడనే లేదు, నీరే వెలుగుతున్నట్లున్నది. సంధ్యాదీపం చూచినప్పుడు చేసినట్లే ఆ వృద్ధురాలు రెండు చేతులూ జోడించింది.

బావమరిది ఆ అందం చూడడం లేదు. స్విచ్‌బోర్డు వద్ద నిలబడి, ఆర్.సి.సి.బి. మీది పరీక్ష మీట నొక్కాడు. టక్కున అంతా చీకటి అయింది. పిల్ల కెవ్వుమంది. అతడు తృప్తిగా మళ్ళీ వేశాడు. నెలకొకసారి ఇలా నొక్కి చూడాలని శేఠ్‌కు చెప్పి, అతని చేత కూడా ఒకసారి నొక్కించాడు.

రాత్రి ఉధ్నా సందుకు తిరిగి వచ్చాము. ఒకే గది, వెనుక చిన్న వంటచోటు. గోడకు తేమ, బట్టలుతికే నీరు గడప దాకా వస్తుంది, నీటి మోటారు మూలన ఉన్నది. ఆ గోడ మీద, క్యాలెండరు పక్కన, శేఠ్ ఇంట చూచిన పెట్టె వంటిదే ఒకటి ఉన్నది. ఇల్లు అద్దెదే అయినా పెట్టె తనదట. ఇల్లు మారినప్పుడల్లా విప్పి వెంట తీసుకుపోతాడట. మా సందులో ఎన్ని ఇండ్లకు ఉన్నదని అడిగితే, ఆదివారాలలో తాను పెట్టిన తొమ్మిదింటికేనన్నాడు.

"దీపం అందరికీ కనవడ్తది బావా. తీగె ఎవ్వలికీ కనవడది. పానం మాత్రం తీగెలనే ఉంటది" అన్నాడు.

అన్నానికి పిలుపు వచ్చింది. లేవబోతూ అతడు ఆ మీట నొక్కాడు. ఫ్యాను ఆగి గది చీకటైంది. ఎనభై అడుగుల దూరాన షెడ్డులో మగ్గాల చప్పుడు మాత్రం ఆగలేదు. "నాయినా, మల్లనా!" అని పిల్లలు అరిచారు. అతడు నవ్వి, దీపం వేశాడు.